కారబాన్ మళ్లీ యూకాన్‌లోనే! తెలివా, భయమా?

రాకీహిల్ రావు
2025-26 సీజన్ మొదలయ్యేలోపు ఇది తేల్చుకుందాం. కాలేజీ బాస్కెట్‌బాల్ చూడనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. యూకాన్ అంటే కనెక్టికట్ యూనివర్సిటీ. 2023 ఫైనల్లో శాన్ డియాగో స్టేట్‌ని 76-59తో, 2024లో పర్డ్యూని 75-60తో కొట్టి వరసగా రెండు టైటిళ్లు గెలిచింది. రెండు ఫైనళ్లలోనూ మొదటి అయిదుగురిలో ఉన్నది ట్రిస్టెన్ న్యూటన్, అలెక్స్ కారబాన్ ఇద్దరే. ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగ్) క్లబ్బులు ఏటా కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఎన్నో ఎంపికైతే అన్నో పిక్. 2024 జట్టులో కాసిల్ 4వ పిక్, క్లింగన్ 7, న్యూటన్ 49, స్పెన్సర్ 53. అయిదుగురిలో నలుగురు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో వెళ్లిపోయారు. కారబాన్ ఒక్కడే పేరిచ్చి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. 2025లో కూడా కాలేజీలోనే ఉండిపోయాడు.

నా మాట ఒకటే. 2024లోనే వెళ్లాల్సింది. టైటిల్ గెలిచిన జట్టంటే ఎన్‌బీఏ వాళ్లకి ఆ వేసవిలో ఉండే మోజు తర్వాత ఉండదు. ఉండిపోయి ఏం బావుకున్నాడు? మావీ టోర్నీలో మూడు మ్యాచ్‌లూ ఓడారు, అక్కడే తలకి దెబ్బ. మూడు పాయింట్ల షాట్ శాతం పడిపోయింది. 2025 మార్చిలో టైటిల్ టోర్నీలో ఫ్లోరిడా చేతిలో 77-75తో ఇంటికి. డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో (31వ పిక్ నుంచి) పోతే ఏమైంది? స్పెన్సర్ 53వ పిక్. మెంఫిస్ క్లబ్ ముందు టూ-వే (కొంత ఎన్‌బీఏ, కొంత కింది లీగ్) ఒప్పందం ఇచ్చింది, 2025 వేసవిలో నాలుగేళ్ల పూర్తి కాంట్రాక్టు చేతిలో పెట్టింది.

వరంగల్ పాయింట్‌గార్డ్
కాసిల్ రూకీ ఆఫ్ ది ఇయర్ (కొత్తవాళ్లలో ఉత్తమ ఆటగాడు) కూడా కొట్టాడు. ఆ బ్యాచ్‌తో పోయుంటే బాగుండు అనిపిస్తది నిజమే. కానీ అందరూ కాసిల్ కాదు కదా అన్నా.

సైడ్‌లైన్ సత్యం
రావు గారూ, డ్రాఫ్ట్‌లో పేరు పిలిస్తే చాలు జీవితం సెటిల్ అన్నట్టు రాశారు. లెక్క చూద్దాం.

మొదటి రౌండ్ 30 మందికి రెండేళ్ల జీతం గ్యారంటీ. చివరి 30వ వాడికి కూడా ఏడాదికి రెండు మిలియన్ల డాలర్లకు పైనే. 31వ పిక్ నుంచి రూల్ ప్రకారం గ్యారంటీ లేదు, క్లబ్ దయ. వాళ్లలో చాలామందికి దొరికేది టూ-వే. జట్టుకి ముగ్గురు, 50 మ్యాచ్‌ల వరకే పెద్ద జట్టుతో, మిగతా కాలం ఎన్‌బీఏ కింది లీగ్ అయిన జీ లీగ్‌లో. 2024-25లో దానికి సుమారు 5 లక్షల 78 వేల డాలర్లు. అదీ రాకపోతే మామూలు జీ లీగ్ జీతం, సీజన్‌కి 40 వేల చిల్లర. మీ ఊళ్లో అద్దె కట్టి చూడండి దాంతో.

ఇటు కాలేజీలో 2021 జులై నుంచి ఆటగాళ్లు పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పందం అయ్యాక కాలేజీయే నేరుగా ఇవ్వొచ్చు, 2025-26లో అన్ని క్రీడలకీ కలిపి కాలేజీకి 20.5 మిలియన్ల డాలర్ల దాకా. పెద్ద కాలేజీలో మొదటి అయిదుగురిలో ఉన్నవాడికి టూ-వే కంటే కాలేజీయే మంచి ఉద్యోగం. ఊరికే అనట్లేదు. డ్రాఫ్ట్‌కి ముందుగా పేరిచ్చినవాళ్లు 2021లో 353 మంది. 2025లో 106. పిల్లలకి లెక్కలు వచ్చు.

రాకీహిల్ రావు
2021 సంఖ్య పట్టుకొచ్చారా! కోవిడ్ వల్ల అందరికీ అదనంగా ఒక ఏడాది ఇచ్చారు. చదువైపోయినవాళ్లు కూడా ఆ జాబితాలో చేరారు. దాంతో పోలిస్తే ఏదైనా తక్కువే కనిపిస్తుంది.

స్పెన్సర్ గురించి మాత్రం జవాబు రాలేదు. 53.

స్నేహ హస్కీ
కాలేజీయే మంచి ఉద్యోగం అనేముందు అడామా సనోగోని కూడా తలుచుకోండి. 2023 ఫైనల్ ఫోర్‌లో (టైటిల్ టోర్నీ సెమీస్, ఫైనల్) ఉత్తమ ఆటగాడు. మాలి దేశం, బమాకో నుంచి వచ్చాడు. అంటే ఎఫ్-1 విద్యార్థి వీసా. మన మాస్టర్స్ పిల్లలు క్యాంపస్ బయట పని చేయాలంటే ఎంత టెన్షన్ పడతారో ఇక్కడ అందరికీ తెలుసు. సనోగోకీ అదే రూల్. పక్కన కూర్చున్న అమెరికా పిల్లాడు ప్రకటనల్లో సంపాదిస్తుంటే ఇతను చూస్తూ కూర్చోవాలి. టైటిల్ కొట్టి డ్రాఫ్ట్‌కి వెళ్తే ఎవరూ తీసుకోలేదు. షికాగో టూ-వే ఇచ్చింది. అతను ఇంకో ఏడాది ఉంటే ఏం మిగిలేది? ఉండిపో, వెళ్లిపో అని అందరికీ ఒకే సలహా ఎలా ఇస్తారు?

ఇంకో మాట, యూకాన్ అంటే అమ్మాయిల జట్టు కూడా. పేజ్ బ్యూకర్స్ 2025లో టైటిల్ గెలిచి డబ్ల్యూఎన్‌బీఏ (అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్) మొదటి పిక్. మొదటి ఏడాది జీతం 78,831 డాలర్లు. కాలేజీలో ఉండగా ప్రకటనల మీద అంతకి ఎన్నో రెట్లు సంపాదించింది. ఎవరికైనా పట్టిందా?

జంప్‌షాట్ జానీ
78 వేలా?? మా అక్క క్యూఏ టెస్టర్, ఆమెకే ఎక్కువొస్తుంది.

సైడ్‌లైన్ సత్యం
స్నేహ గారి మాట నిజం. మళ్లీ అబ్బాయిల దగ్గరికి వస్తాను, లేకపోతే రావు గారు తప్పించుకున్నాను అంటారు.

స్పెన్సర్ కాలేజీ ఎప్పుడు వదిలాడు? లయోలా మేరీలాండ్, రట్గర్స్, ఆ తర్వాత యూకాన్. తనకున్న ఏళ్లన్నీ వాడుకుని 24 ఏళ్లకి వెళ్లాడు. తొందరపడి వెళ్లినవాడు కాదు, చివరి దాకా ఉన్నవాడు. మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. న్యూటన్ కూడా 2023లో పేరిచ్చి వెనక్కి తీసుకున్నవాడే.

పర్డ్యూ జాక్ ఎడీని చూడండి. 2023లో టోర్నీలో అట్టడుగు ర్యాంకు జట్టు (16వ సీడ్) చేతిలో ఓడితే ఊరంతా నవ్వింది. డ్రాఫ్ట్‌కి పేరిచ్చి వెనక్కి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి 9వ పిక్. ఫ్లోరిడా వాల్టర్ క్లేటన్ నాలుగేళ్లూ ఆడి, మన వాళ్లని ఓడించి, టైటిల్ కొట్టి 18వ పిక్ అయ్యాడు.

రాకీహిల్ రావు
ఎడీ ఏడడుగుల నాలుగంగుళాలు సార్. అంత పొడుగున్నవాడికి డ్రాఫ్ట్ ఎప్పుడైనా తలుపు తీస్తుంది. కారబాన్ ఆరడుగుల ఎనిమిది. షాట్ వేయగలడు, తెలివిగా ఆడతాడు. ఎన్‌బీఏలో అలాంటివాళ్లు వందమంది. అలాంటివాడికి వయసొక్కటే ఆస్తి. 21 ఏళ్ల షూటర్‌కి "ఇంకా నేర్చుకుంటాడు" అంటారు. 23 ఏళ్ల షూటర్‌కి "ఇంతే" అంటారు.

స్పెన్సర్ 24కి వెళ్లి కూడా నిలబడ్డాడంటే, రెండో రౌండ్ అంత భయంకరం కాదనే కదా అర్థం? నేనన్నది అదే.

వరంగల్ పాయింట్‌గార్డ్
ఇద్దరూ స్పెన్సర్‌ని చెరో చెయ్యి పట్టి గుంజుతున్నరు. పాపం.

కడియం బ్యాంక్‌షాట్
యూరప్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఎన్‌బీఏ లేకపోతే జీ లీగ్ ఒక్కటే అన్నట్టు రాస్తున్నారు. టర్కీ, స్పెయిన్, ఇటలీ క్లబ్బులు పన్ను తాము కట్టి చేతికొచ్చే డబ్బుతో కాంట్రాక్టు రాస్తాయి, ఫ్లాట్ ఇస్తాయి. మంచి లీగ్ అయితే జీ లీగ్‌కి ఎన్నో రెట్లు. చిన్న క్లబ్బుల్లో మాత్రం మూడో నెల జీతం అయిదో నెలలో వస్తుంది, అదీ అడిగితే. మన సిమ్ భుల్లార్ శాక్రమెంటోకి కాసేపు ఆడి, ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడయ్యాడు. కెరీర్ నడిచింది మాత్రం తైవాన్‌లో. అదీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాలే.

సైడ్‌లైన్ సత్యం
బాగా చెప్పారు.

నేనెందుకు ఇంత పట్టుపడుతున్నానో కూడా చెప్తాను. నేను యూనివర్సిటీ జట్టుకి ఆడినవాణ్ణి. మా కాలంలో కాలేజీ అయ్యాక ప్రొఫెషనల్ అంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, అంతే. రైల్వే, బ్యాంకు, ఓఎన్‌జీసీ. ఒక సంస్థ నుంచి పిలుపొచ్చింది. మా కోచ్ "ఇదేం ఉద్యోగం, వచ్చే ఏడాది ఇంకా పెద్దది వస్తుంది, ఆగు" అన్నాడు. ఆగాను. వచ్చే ఏడాది ఆ సంస్థ బాస్కెట్‌బాల్ కోటాయే తీసేసింది. చేతిలో ఉన్న ఉద్యోగం విలువ నాకు తెలుసు. కారబాన్ చేతిలో ఉన్నది వదల్లేదు. నాకది తెలివే.

రాకీహిల్ రావు
బాబాయ్ గారూ, మీరు క్లర్కు పోస్టు పోగొట్టుకున్నందుకు వాడు కాలేజీలో మగ్గాలా? అయినా మీ కథలో "ఆగు" అన్నవాడిదే కదా తప్పు! ఆగకుండా వెళ్లాల్సిందని మీరే చెప్తున్నారు. మళ్లీ ఆగడం తెలివి అంటారు. ఏది మీ వాదన?

సైడ్‌లైన్ సత్యం
నేను మీకు బాబాయ్‌ని కాను. క్లర్కు పోస్టు అని వెక్కిరించేముందు ఆ జీతంతో నాలుగు కుటుంబాలు బతికాయని తెలుసుకోండి. గ్యారంటీ ఉన్నది పట్టుకో, లేనిదాని కోసం వదలకు. అప్పుడు గ్యారంటీ ఉద్యోగంలో ఉంది, ఇప్పుడు కాలేజీలో ఉంది. ఇది అర్థం కాకపోతే నేను చేసేదేం లేదు.

రాకీహిల్ రావు
గ్యారంటీ, గ్యారంటీ! ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల మగాళ్లు గ్యారంటీ అని కాలేజీ కుర్చీ వదలకపోతే కింద నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

జంప్‌షాట్ జానీ
ఇదేదో కారబాన్ మీద కోపంలా లేదు 👀

నిర్వాహకుడు
వయసులూ ఉద్యోగాలూ ఎత్తి మాట్లాడొద్దు. ఇంకోసారి అయితే తాళం వేస్తాను.

రాకీహిల్ రావు
సరే, దాచేదేముంది. మా వాడు హైస్కూల్ చివరి ఏడాది. ఆరడుగుల మూడు, గార్డు. ఎనిమిదో తరగతి నుంచి ఏఏయూ (స్కూలు బయటి క్లబ్ టోర్నీలు). శని, ఆదివారాలు మాకు లేవు, హోటళ్లూ జిమ్ములే. డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటలో పై స్థాయి) చిన్న జట్లయినా ఆఫర్ ఇస్తాయనుకున్నాం. నిరుడు ముగ్గురు కోచ్‌లు బాగా మాట్లాడారు. ఈ ఏడాది ముగ్గురిదీ ఒకటే పాట: "హైస్కూల్ పిల్లల్ని తక్కువ తీసుకుంటున్నాం, పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి పెద్దవాళ్లని చూస్తున్నాం." 17 ఏళ్లవాడికి మూడేళ్లు నేర్పేబదులు 22 ఏళ్లవాణ్ణి కొనుక్కుంటే పనైపోతుంది వాళ్లకి. పైన ఎన్‌బీఏకి వెళ్లాల్సినవాడు ఉండిపోతాడు, వాడి వెనకాలున్నవాడు ఇంకో కాలేజీకి దిగుతాడు, అక్కడివాడు ఇంకా కిందికి. చివరికి నేల మీద పడేది మా వాడు.

మీకు ఇది స్పెన్సర్ గురించి చర్చ. మా ఇంట్లో రోజూ రాత్రి భోజనం దగ్గర గొడవ.

స్నేహ హస్కీ
రావు గారూ, బాధ అర్థమైంది. కానీ అందులో కారబాన్ చేసిందేముంది? అతను పోర్టల్‌లోకి కూడా పోలేదు. చేరిన కాలేజీలోనే ఉన్నాడు. 2024లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలు నడిపే సంస్థ) ఎన్నిసార్లు కాలేజీ మారినా ఆడకుండా కూర్చోబెట్టం అని గేట్లు తెరిచింది, కోవిడ్ ఏడాది వాళ్లు ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. ఆ రెండూ కలిసి కొట్టిన దెబ్బ ఇది. కొత్త ఒప్పందంలో జట్టుకి 13 స్కాలర్‌షిప్పుల బదులు 15 మంది దాకా అన్నారు కదా.

రాకీహిల్ రావు
ఆ ఇద్దర్ని కూడా పోర్టల్ నుంచే తెచ్చుకుంటారు.

సైడ్‌లైన్ సత్యం
రావు గారూ, ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత రక్తం మరిగేది కాదు. నా అభిప్రాయం మారలేదు. ఉండిపోయేవాడు తన బతుకు చూసుకుంటాడు, మీ అబ్బాయి కోసం ఖాళీ చేయడు, చేయాల్సిన అవసరమూ లేదు. కాలేజీ కూడా ఇప్పుడు జీతమిచ్చే లీగే. మీరింకా దాన్ని పిల్లల బడి అనుకుంటున్నారు, మన గొడవంతా అక్కడే.

అబ్బాయికి ప్రెప్ స్కూల్లో ఒక పోస్ట్-గ్రాడ్ ఏడాది (హైస్కూల్ అయ్యాక, కాలేజీకి ముందు అదనపు ఏడాది) చూడండి. న్యూ ఇంగ్లండ్‌లో అలాంటివి బాగానే ఉన్నాయి, మీకు దగ్గరే. వచ్చే ఏడాదికి కోవిడ్ బ్యాచ్ దాదాపు అయిపోతుంది. డివిజన్ టూ కూడా తక్కువేం కాదు. మంచిగా ఆడితే పోర్టల్ అక్కడి నుంచి పైకి కూడా పనిచేస్తుంది. స్పెన్సర్ కూడా మొదలైంది డివిజన్ వన్‌లోనే చిన్న జట్టు లయోలాలో.

రాకీహిల్ రావు
ప్రెప్ స్కూల్ ఫీజు ఎంతో చూశారా? సహాయం రాకపోతే బోర్డింగ్‌తో కలిపి మంచి యూనివర్సిటీ ఖర్చు. అంటే మా వాడూ ఒక ఏడాది ఆగాలి, వాడి కింద ఉన్నవాడికి అడ్డం పడాలి. ఇదేగా మీరు చెప్పేది?

సైడ్‌లైన్ సత్యం
అవును. అదే చెప్తున్నాను.

వరంగల్ పాయింట్‌గార్డ్
అన్నా, ముందుగాల బాబును అడగరాదూ, వాడికేం కావాల్నో.

రాకీహిల్ రావు
వాడు కంప్యూటర్ సైన్స్ చేస్తానంటున్నాడు. అందుకే గొడవ.