మత్తుమందు కలిపిన కల్లు, గంజాయి మాన్పించడం: వరంగల్ చుట్టుపక్కల వారి అనుభవాలు

హన్మకొండ చెల్లెలు

మా అన్నయ్య ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. మొదట్లో పండుగలకు, దావత్‌లకు మాత్రమే తాగేవాడు. కొన్నేళ్లుగా పొద్దూకితే కల్లు కాంపౌండ్‌కు పోకుండా ఉండలేకపోతున్నాడు. ఒక్కరోజు పోకపోయినా చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి, రాత్రంతా కన్ను మూత పడదు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. వారం రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అలవాటు అదే పోతుందని అమ్మ అంటోంది. హైదరాబాద్ శివార్లలోని ఏదో సెంటర్‌లో చేర్పిద్దామని మేనమామ, అన్నంలో కలిపే పొడి తెప్పిస్తానని పక్కింటావిడ అంటున్నారు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఈ బాధ గడిచి ఉంటే ఏం చేశారో, ఏం చేయకూడదో దయచేసి చెప్పండి.

సిరిసిల్ల వాసి

అమ్మా, తాళం వేసే ఆలోచన మాత్రం ఈ రోజే మానుకోండి. మన జిల్లాల్లో చాలాచోట్ల కాంపౌండ్లలో అమ్మే కల్లులో చెట్టు నుంచి దిగినది కొంచెమే ఉంటుంది. మిగతాది నీళ్లు, శాకరిన్, మత్తు కోసం కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం అని ఎక్సైజ్ కేసుల్లో ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంది. అంటే మీ అన్నయ్యకు పట్టుకున్నది కల్లు ఒక్కటే కాదు, తనకు తెలియకుండానే రోజూ నిద్రమాత్రలు కూడా పడుతున్నాయి. రోజూ అణిగి ఉండటానికి అలవాటుపడిన మెదడుకు ఆ మందు ఒక్కసారిగా అందకపోతే అది అదుపు తప్పి ఫిట్స్ వస్తాయి, మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు, ప్రాణం కూడా పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాంపౌండ్లు, వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరింది ఈ కారణంగానే.

మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసిన మనిషి. ఆ లాక్‌డౌన్‌లో కల్లు దొరకని రెండో రోజు రాత్రి మంచం మీద కూర్చుని, కళ్ల ముందు లేని పోగును రెండు వేళ్లతో పట్టుకుని ముడివేస్తూ, "ఇంకోటి తెగింది, సాంచా ఆపు" అని మమ్మల్ని కేకలేశారు. అమ్మ చేయి పట్టుకుంటే ఆమెను గుర్తుపట్టలేదు. తెల్లవారేలోపే ఫిట్స్ వచ్చాయి. పోలీసుల అనుమతితో ఆసుపత్రికి చేర్చగలిగాం కాబట్టి బతికారు. డాక్టరు గారు అప్పుడు చెప్పిన మాట ఏమిటంటే, ఇంట్లోవాళ్లు దీన్ని గాలి సోకిందనో దయ్యం పట్టిందనో అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయిన కేసులే ఎక్కువగా చేయి దాటిపోతాయట.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, వరంగల్

సిరిసిల్ల వాసి గారు చెప్పింది అక్షరాలా నిజం. సారాయి, బ్రాందీ మానినప్పుడు కూడా ఈ ప్రమాదం ఉంటుంది. ఫిట్స్ మొదటి రోజే రావచ్చు కనుక చివరిసారి తాగినప్పటి నుంచి నాలుగో రోజు దాకా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. చికిత్స ఎట్లా జరుగుతుందో చెబుతాను, భయం కొంత తగ్గుతుంది. కల్లులో పడే మత్తుమందుకు బదులుగా అదే జాతికి చెందిన మాత్రను డాక్టరు కొలిచి ఇస్తారు. వణుకు, నిద్ర, బీపీ చూసుకుంటూ మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. కొందరికి రెండు వారాలు చాలు, ఏళ్లుగా తాగినవారికి నెలలు కూడా పట్టవచ్చు. ఆ మాత్రలను మెడికల్ షాపులో సొంతంగా కొని వేస్తే ఒక మత్తు పోయి ఇంకో మత్తు పట్టుకుంటుంది కనుక, ఆ పని ఎవరూ చేయకూడదు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. తాగుడు మనిషి నీరసంగా పడిపోగానే ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు ఎక్కించమనడం మన ఊళ్లలో ఆనవాయితీ. అన్నం సరిగా తినక తాగేవారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, చాలా తక్కువగా ఉంటుంది. థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే చూపు చెదిరి, నడక తడబడి, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ సంగతి నేను వార్డులో బంధువులందరికీ చెప్పేదాన్ని, ఇక్కడ కూడా చెబుతున్నాను.

పొడి సంగతి కూడా వినండి. అట్లా గుట్టుగా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. అది డాక్టరు పరీక్ష చేసి, రోగికి చెప్పి, అతని ఒప్పుదలతో ఇవ్వవలసిన మందు. తెలియకుండా మింగించిన తర్వాత అతను తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె జబ్బున్న మనిషైతే చనిపోవచ్చు. మీ ఊళ్లోనే ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ముందు అక్కడికి తీసుకెళ్లండి.

కాజీపేట తల్లి

మా ఇంట్లో సమస్య కల్లు కాదు, గంజాయి. మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా బయటపడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే పేరు రాసుకుని పోలీసులకు పట్టిస్తారేమోనన్న భయంతో చాలాకాలం ఎవరికీ చెప్పకుండా మాలో మేమే కుమిలిపోయాం. తర్వాత మాకు తెలిసిన ఒక వకీలు గారు వివరించారు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం దొరికిన కేసులోనో ఉన్న బానిస తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకుంటే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది, చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవారికి ఇది వర్తించదు. మాకైతే కేసేమీ లేదు, ఊరికే భయపడ్డాం.

గంజాయి మానినప్పుడు కల్లుకు వచ్చినట్టు ఫిట్స్ రావని డాక్టరు చెప్పారు. కానీ మొదటి వారమంతా నిద్ర లేక, అన్నం సహించక, ప్రతి మాటకూ విరుచుకుపడ్డాడు. అది వాడి పొగరు కాదని, ఒంట్లో నుంచి మత్తు దిగుతున్న బాధ అని తెలిసి ఉండటం వల్లనే వాళ్ల నాన్న చేయి చేసుకోకుండా ఆగగలిగారు.

కరీంనగర్ నుంచి

మేనమామ గారు చెప్పిన సెంటర్ల విషయంలో ఒక మాట. మా బావమరిదిని ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాం. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను. మొదటి రోజే గుండు గీయించి, నెలపాటు ఇంటివాళ్లతో మాట్లాడనివ్వకుండా, ఎదురు చెప్పినవారిని గొలుసుతో కట్టేసేవారని అతను బయటికి వచ్చాక చెప్పాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. ఆ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు గీయడం రెండూ నిషిద్ధమే. కాబట్టి చేర్పించే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారో, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో, మీరు ఎప్పుడెప్పుడు కలవవచ్చో అడగండి. వార్డు లోపలికి వెళ్లి చూడనివ్వని చోట మనిషిని వదిలిరావద్దు.

హన్మకొండ చెల్లెలు

అందరికీ దండాలు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను, తాళం మాట మానుకుంది. ఒక్క సందేహం. ఆసుపత్రిలో మాన్పించినా, తిరిగి అదే మార్కెట్, అదే దోస్తులు, అదే కాంపౌండ్ కదా. అప్పుడు నిలబడేదెట్లా?

నర్సంపేట, మానేసినవాణ్ణి

చెల్లమ్మా, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఒంట్లో నుంచి మత్తు దిగడానికి వారాలు పడితే, మనసులో నుంచి దిగడానికి ఏళ్లు పడుతుంది. నాకు అన్నింటికన్నా కష్టమైంది కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రం. మా ఆవిడ, మేస్త్రి గారు మాట్లాడుకుని నా కూలి నేరుగా ఆమె ఖాతాలో వేసే ఏర్పాటు చేశారు. దానికి నేనే ఒప్పుకున్నాను, నా మీద రుద్దలేదు, అందుకే అది నిలిచింది. పనికి పోయే దారి మార్చుకున్నాను. తాగుడు కోరిక తగ్గడానికి డాక్టరు లివర్ పరీక్ష చేయించి నాల్‌ట్రెక్సోన్ రాశారు, దాన్ని క్రమం తప్పకుండా వేసుకున్నాను.

మాకు ఇంకొక చిక్కు కూడా వచ్చింది. బోనాలకు పోచమ్మకు సాక పోయాలంటే, అంటే అమ్మవారి ముందు కల్లు ధారగా పోయాలంటే, ఇంట్లోకి కల్లు రావాలి. ఆ వాసన తగిలితే ఆగగలనన్న నమ్మకం నాకు లేదు. మా పెద్దమనుషులతో చెప్పుకుంటే, ఆ సాక మా తమ్ముడే గుడి దగ్గర పోస్తాడని, మా గడపలోకి కల్లు తేనక్కర లేదని నిర్ణయించారు. అమ్మవారికి లోటు జరగలేదు, నాకూ ఇబ్బంది రాలేదు. మీ ఇంట్లో కూడా పండుగ ముందే ఈ మాట తేల్చుకోండి. మధ్యలో ఒకసారి మళ్లీ తాగినా ఇంటి నుంచి వెళ్లగొట్టకండి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. షుగరు, బీపీ మాదిరిగా ఇది కూడా తిరగబెట్టే జబ్బేనని నాకు చెప్పారు.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, వరంగల్

చెల్లెలు గారూ, ఓపీకి వెళ్లేదాకా మీ అన్నయ్యను బలవంతంగా ఒక్కసారిగా ఆపించవద్దు. రోజుకు ఎన్ని సీసాలు తాగుతాడో, ఏ కాంపౌండ్ కల్లో, దానితోపాటు మాత్రలేమైనా మింగుతాడో కాగితం మీద రాసుకెళ్లండి, ఇంట్లో మాత్రల స్ట్రిప్పులు దొరికితే వెంట తీసుకెళ్లండి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. ఈలోపు మూర్ఛ వచ్చినా, మాట తేడాగా ఉన్నా ఓపీ టైము కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. రాత్రిపూట మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, మత్తు మాన్పించే సలహా కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి, రెండింటికీ డబ్బులు పడవు. అన్నయ్యకు కూడా ఈ నంబర్లు ఇవ్వండి, మీతో చెప్పుకోలేనివి వాళ్లతో చెప్పుకోవచ్చు.