స్విఫ్ట్‌లో సబ్ ఊఫర్, యాంప్ 15 వేలలో అవుతుందా? జేసీ రోడ్డులో ఇచ్చిన కొటేషన్ చూసి చెప్పండి

మారతహళ్లి స్విఫ్ట్:
అందరికీ నమస్కారం. నాది 2016 స్విఫ్ట్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఉండేది బెంగళూరు మారతహళ్లి, సొంతూరు అనంతపురం. రెండు వారాలకోసారి ఊరికి వెళ్లొస్తుంటాను. దేవనహళ్లి దాటాక రోడ్డు ఖాళీ, అప్పుడే పాటలు వినబుద్ధవుతుంది. కానీ డోర్ స్పీకర్లలో డప్పు కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. అందుకే సబ్ (బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్), దాన్ని నడిపే యాంప్ పెట్టిద్దామని. స్టీరియో మాత్రం కార్‌తో వచ్చిందే ఉంచుకుంటాను, స్టీరింగ్ మీద బటన్లు దానితోనే పనిచేస్తాయి.

శనివారం జేసీ రోడ్డుకు వెళ్తే ఒక షాపులో ఇలా రాసిచ్చారు: 12 అంగుళాల సబ్ పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) బాక్స్‌తో కలిపి 6,500 (అట్టపెట్టె మీద 1400 వాట్స్), నాలుగు చానెళ్ల యాంప్ 5,500 (2000 వాట్స్), వైర్ కిట్ 900, ఫిట్టింగ్ 1,500. మొత్తం 14,400. ఇవాళే చేయించుకుంటే 14 వేలకు ఇస్తామన్నారు. ఎందుకో మనసొప్పక అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాను.

1400 వాట్ల సబ్‌కు 2000 వాట్ల యాంప్ పెడితే సబ్ కాలిపోదా? కార్ బ్యాటరీ తట్టుకుంటుందా? ఇవే నా డౌట్లు.

హోసూరు రోడ్డు బుల్లెట్:
తీసేసుకో బ్రో. 12 అంటే 12ఏ, 10 పెట్టి మళ్లీ బాధపడటం ఎందుకు. నేను పెట్టించి నాలుగేళ్లయింది, వెనక అద్దం దద్దరిల్లుతుంది.

సోల్డరింగ్ వాసన:
తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది. మళ్లీ ఆ షాపు వైపు వెళ్లే పనుంటే మూడు ఫొటోలు తీసుకురా. యాంప్ పక్కన గుచ్చి ఉండే ఫ్యూజు, దాని మీద అంకె. యాంప్ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర రాసి ఉన్న ఓమ్స్, అంటే ఎంత నిరోధం ఉన్న స్పీకర్ తగిలించొచ్చో చెప్పే అంకె. సబ్ అయస్కాంతం మీద ఉన్న స్టిక్కర్. అట్టపెట్టె ఫొటో అక్కర్లేదు, దాని మీద రాసేవి అమ్ముకోవడానికి రాసినవి.

మారతహళ్లి స్విఫ్ట్:
అన్నా, ఫోన్ చేసి వాట్సాప్‌లో తెప్పించాను. యాంప్‌కు ఒకటే ఫ్యూజు, 25 ఆంపియర్లు. టెర్మినళ్ల దగ్గర స్టీరియో 2 ఓమ్స్, బ్రిడ్జ్‌డ్ (రెండు చానెళ్లు ఒకటిగా కలిపితే) 4 ఓమ్స్ అని ఉంది. క్లాస్ ఏబీ అట. సబ్ మీద 350 వాట్స్ ఆర్‌ఎంఎస్, డ్యూయల్ వాయిస్ కాయిల్ (లోపల రెండు తీగచుట్లు) 4+4 ఓమ్స్.

సోల్డరింగ్ వాసన:
ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంజన్ ఆన్‌లో ఉంటే కార్‌లో వచ్చేది సుమారు 13.8 వోల్టులు. దాన్ని 25 ఆంపియర్లతో గుణిస్తే 345. ఎంత గింజుకున్నా ఆ యాంప్ బ్యాటరీ నుంచి నిలకడగా లాగగలిగేది 345 వాట్లే. క్లాస్ ఏబీ యాంప్ లాగినదాంట్లో ఇంచుమించు 60 శాతం స్పీకర్‌కు ఇస్తుంది, మిగతాది వేడి. అంటే నీ చేతికొచ్చేది 200 వాట్లు. ఒక్క దెబ్బకు, ఒక్క క్షణం, ఇంకొంచెం ఇస్తుందేమో. 2000 మాత్రం ఏ మూలన వెతికినా దొరకదు.

అందుకే వాట్స్ అడిగేటప్పుడు ఆర్‌ఎంఎస్ ఎంత అనే అడగాలి. గంటల తరబడి తట్టుకునే పవర్ అది. మ్యాక్స్, పీక్ అని రాసేదంతా రెప్పపాటు సంగతి. నీ సబ్‌కే చూడు, అట్ట మీద 1400, స్టిక్కర్ మీద 350.

సబ్ కాలిపోతుందేమోనని భయపడ్డావు కదా, ఈ యాంప్‌తో ఆ భయం వేరే దారిలో ఉంది. చాలని యాంప్‌ను సౌండ్ రావట్లేదని గెయిన్ (యాంప్ మీద సిగ్నల్‌ను పెంచే నాబ్) తిప్పి తిప్పి అరిపిస్తాం. అప్పుడు సిగ్నల్ గుండ్రంగా వెళ్లడం మానేసి తలా తోకా నరికినట్టు వెళ్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. నా దగ్గరికొచ్చే కాలిన సబ్‌లలో ఎక్కువ ఇలా పోయినవే. కాయిల్ దగ్గర ముక్కు పెడితే మాడిన వార్నిష్ వాసన వస్తుంది.

ఇక అసలు చిక్కు ఓమ్స్. 4+4 కాయిల్స్‌ను ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్స్, సిరీస్‌లో కలిపితే 8. ఈ యాంప్ బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్స్‌కు తగ్గకూడదని దాని మీదే రాసుంది. 2 ఓమ్స్‌కు తగిలిస్తే చిన్న సౌండ్‌లో బాగానే పాడుతుంది, షాపు ముందు రెండు పాటలు విని డబ్బులిచ్చి వచ్చేస్తావు. చిక్కబళ్లాపురం దాటాక సౌండ్ పెంచగానే ఎర్ర లైటు వెలిగి ప్రొటెక్ట్‌లోకి వెళ్లిపోతుంది, అంటే తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. 8 ఓమ్స్‌కు తగిలిస్తే ఉన్న పవర్‌లో ఇంచుమించు సగం పోతుంది. ఈ రెండింటికీ జాతకాలు కలవలేదు.

కోరమంగళ ఈసీఈ:
చిన్న సవరణ. నాలుగు చానెళ్లు ఉన్నాయి కాబట్టి ముందు రెండూ బ్రిడ్జ్ చేసి ఒక కాయిల్‌కు, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి రెండో కాయిల్‌కు ఇవ్వొచ్చు. ఒక్కో జతకు 4 ఓమ్సే కనబడతాయి.

సోల్డరింగ్ వాసన:
నిజమే, కుదురుతుంది. కాకపోతే రెండు గెయిన్లూ ఒకే వోల్టేజీకి కొలిచి పెట్టాలి, రెండు జతలకూ ఒకే సిగ్నల్ వెళ్లాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువైతే కాయిల్స్ ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. పైగా 25 ఆంపియర్ల ఫ్యూజు ఎక్కడికీ పోదు, మొత్తం మీద అవే 200 వాట్లు. ఉన్న యాంప్‌తో నెట్టుకురావాలంటే సరే, కొత్తగా కొంటూ ఈ తంటా ఎందుకు?

మారతహళ్లి స్విఫ్ట్:
మరి ఏం తీసుకోమంటారు అన్నా?

సోల్డరింగ్ వాసన:
10 అంగుళాల సబ్, సీల్డ్ (రంధ్రం లేని) బాక్స్, క్లాస్ డీ (కరెంట్ తక్కువ వృథా చేసే రకం) మోనో (ఒకే చానెల్) యాంప్. సబ్ ఆర్‌ఎంఎస్, యాంప్ ఆర్‌ఎంఎస్ రెండూ 250, 300 మధ్య. సింగిల్ కాయిల్ 4 ఓమ్స్ సబ్ అయితే యాంప్ 4 ఓమ్స్ దగ్గర ఎంత ఇస్తుందో చూడు. డ్యూయల్ 4+4 అయితే ప్యారలల్ చేసి 2 ఓమ్స్ దగ్గర ఎంత ఇస్తుందో చూడు, ఆ యాంప్ 2 ఓమ్స్‌కు ఓకే అని రాసి ఉండాలి. యాంప్‌కు హై లెవల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల సిగ్నల్‌నే తీసుకునేది) తప్పకుండా ఉండాలి, నీ స్టీరియోకు యాంప్‌కు సిగ్నల్ పంపే ఆర్‌సీఏ పిన్నులు ఉండవు కాబట్టి. వెనక డోర్ స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకోవచ్చు. కప్లర్ (మధ్యలో గుచ్చే ప్లగ్) పెట్టి తీయమను, కార్ వైర్లు కొయ్యనివ్వకు.

12 వద్దన్నది నీ డిక్కీ చూసి. ఈ మోడల్ స్విఫ్ట్ డిక్కీ 204 లీటర్లు. 12 అంగుళాల పోర్టెడ్ బాక్స్ బయటి కొలత 60, 70 లీటర్లు లాగేస్తుంది. ఊరి నుంచి బియ్యం మూట, ఆవకాయ జాడీ ఏ ఒళ్లో పెట్టుకుంటావు? 10కి సీల్డ్ బాక్స్ అయితే లోపల 20 లీటర్ల లోపు చాలు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసే పలక)తో చేయించు. పోర్టెడ్ అంత గట్టిగా మోగదు, ఒప్పుకుంటా. కానీ డప్పు దెబ్బ దెబ్బలాగా పడి ఆగిపోతుంది, మూలుగుతూ సాగదు. నువ్వు చెప్పిన బాధ దానికే కదా.

హోసూరు రోడ్డు బుల్లెట్:
నాది పోర్టెడే, నాకు మూలుగే ఇష్టం 😄

కేఆర్ పురం అక్క:
మా డిక్కీలో పిల్లాడి ప్రామ్ ఉంటుంది, అందుకని సీటు కింద పెట్టే సబ్ తీసుకున్నాం. 8 అంగుళాలది, యాంప్ లోపలే ఉంటుంది. బాక్స్ గొడవ లేదు, ఓమ్స్ గొడవ లేదు. ఇంట్లో వినే స్థాయికి సరిపోయింది. బాగా కింద ఉండే బాస్ మాత్రం రాదు, సౌండ్ పెంచితే చెవికంటే ముందు వీపుకు తెలుస్తుంది. కొనే ముందు సీటును పూర్తిగా వెనక్కీ ముందుకూ జరిపి, కింద ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలవండి. కొన్ని కార్లలో వెనక కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గరికి ఏసీ గొట్టం సీటు కిందే వెళ్తుంది. మేం కొలవకుండా కొని ఒకసారి వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

సోల్డరింగ్ వాసన:
అక్క చెప్పింది మంచి దారే. తమ్ముడు ఒక్కడే తిరుగుతాడు, డప్పు కావాలంటున్నాడు కాబట్టి నేను 10 వైపే.

ఇప్పుడు ఆ 900 రూపాయల వైర్ కిట్ గురించి. కొటేషన్ మొత్తంలో నన్ను భయపెట్టింది అదే. చవక కిట్లలో వచ్చేది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. బ్లేడుతో ఒక పోగు గీకి చూడు, కింద తెల్లగా మెరిస్తే సీసీఏ. అదే మందంలో రాగి మోసే కరెంట్‌లో మూడింట రెండొంతులే అది మోస్తుంది. కొన్నింటికి తొడుగు వేలంత లావు, లోపల తీగ పెన్సిల్ ములుకంత. 300 వాట్లకు మన చిన్న కార్లో అసలు రాగిది 8 గేజ్ సరిపోతుంది. సీసీఏనే కొనాల్సివస్తే ఒక సైజు పెద్దది తీసుకో.

వైర్ కంటే ముఖ్యం ఫ్యూజు ఎక్కడ పెట్టారన్నది. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. చాలామంది అది యాంప్‌ను కాపాడుతుందనుకుంటారు. కాదు, ఆ వైర్‌ను కాపాడుతుంది. నా పాత ఆల్టోకు ఒకచోట ఫిట్టింగ్ చేయించాను, ఎక్కడో చెప్పను. ఫ్యూజు చూడటానికి అందంగా ఉంటుందని డిక్కీలో యాంప్ పక్కన పెట్టారు. ఇంజన్ వైపు నుంచి లోపలికి వైర్ దూర్చిన బెజ్జానికి రబ్బరు బుష్ వేయలేదు. ఆర్నెల్లకు ఒక సాయంత్రం హెబ్బాళ ఫ్లైఓవర్ ట్రాఫిక్‌లో ప్లాస్టిక్ మాడిన వాసన. ముందున్న లారీదేమో అనుకున్నా. లారీ వెళ్లిపోయింది, వాసన వెళ్లలేదు. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తి చూస్తే రేకు అంచుకు రాసుకుని రాసుకుని ఎర్ర తొడుగు కోసుకుపోయింది, లోపల రాగి నల్లబడి కనబడుతోంది. పూర్తిగా ఆనలేదు కాబట్టి సరిపోయింది. ఆని ఉంటే బ్యాటరీకీ రేకుకూ మధ్య ఆపే ఫ్యూజే లేదు. బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి 10 నంబర్ స్పానర్ కోసం ఆటో డ్రైవర్‌ను బతిమాలుకున్నాను. అప్పటి నుంచి ఆ పని నా చేత్తోనే చేసుకుంటున్నా.

ఎర్త్ వైర్ కూడా అంతే. పొట్టిగా ఉండాలి, పెయింట్ గీకి తెల్లటి రేకు కనబడ్డాక లగ్గు బిగించాలి. సీట్ బెల్ట్ బోల్టుకు మాత్రం వద్దు. పవర్ వైర్ ఒక వైపు నుంచి వస్తే సిగ్నల్ వైర్ రెండో వైపు నుంచి రావాలి, లేకపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కూ... అని ఈల వస్తుంది.

మారతహళ్లి స్విఫ్ట్:
బ్యాటరీ సంగతి చెప్పలేదన్నా. షాపులో కెపాసిటర్ (కరెంట్ దాచి ఒక్కసారిగా ఇచ్చేది) కూడా పెట్టించుకోమన్నారు.

సోల్డరింగ్ వాసన:
అక్కర్లేదు. పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది, సగటున 300 వాట్లేం లాగదు. హెడ్‌లైట్లు బాస్‌కు తగ్గట్టు మినుకుమంటుంటే ముందు ఎర్త్ చూసుకో. ఇంజన్ ఆపేసి గంటలు గంటలు పెట్టకు, చిన్న కార్ల బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ప్రాంతంలోనే ఉంటుంది. ఇంకోటి, యాంప్ రిమోట్ వైర్ (యాంప్‌ను ఆన్ చేసేది) తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే లైనుకు ఇచ్చారో లేదో అడుగు. నేరుగా బ్యాటరీకి ఇస్తే యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, సోమవారం పొద్దున నువ్వు బండి తోసుకోవాలి.

కోరమంగళ ఈసీఈ:
గెయిన్ గురించి నేను చెప్తా. అది వాల్యూమ్ నాబ్ కాదు. ఎస్పీ రోడ్డులో ఒక మామూలు మల్టీమీటర్ కొనండి. సబ్ వైర్లు యాంప్ నుంచి తీసేయండి. గెయిన్ సున్నా, బాస్ బూస్ట్ సున్నా, స్టీరియోలో బాస్ కూడా మధ్యలో. ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి స్టీరియో వాల్యూమ్ మూడొంతుల దగ్గర ఉంచండి. మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్ల మీద ముళ్లు ఆనించి గెయిన్ మెల్లగా పెంచండి. ఎక్కడ ఆపాలంటే, వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం కట్టండి. 250 వాట్లు, 4 ఓమ్స్ అయితే 1000కి వర్గమూలం, 31.6 వోల్టులు. 2 ఓమ్స్ అయితే 22.4. నేనైతే ఒకటి రెండు వోల్టులు ముందే ఆపేస్తా. లో పాస్ ఫిల్టర్ (పై స్వరాలు సబ్‌కు వెళ్లకుండా ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, తర్వాత చెవితో కొంచెం అటూ ఇటూ.

సబ్ ఆన్ చేస్తే బాస్ తగ్గినట్టనిపిస్తే ప్లస్, మైనస్ తారుమారు చేసి చూడండి. డోర్ స్పీకర్లు ముందుకు తోస్తుంటే ఇది వెనక్కి లాగుతోందన్నమాట.

కేఆర్ పురం అక్క:
రాత్రి పది దాటాక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మాత్రం టెస్ట్ చేయకండి నాయనా. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని రూల్ ఉంది. రూల్ సంగతి పక్కనపెట్టినా, మా కింద ఎవరో పెడితే మూడో అంతస్తులో వంటింటి గిన్నెలు మోగాయి.

మారతహళ్లి స్విఫ్ట్ (రెండు వారాల తర్వాత):
అయిపోయింది! 10 అంగుళాల సింగిల్ కాయిల్ సబ్ 4,200. ఎండీఎఫ్ సీల్డ్ బాక్స్ చేయించాను, 1,800. మోనో యాంప్ 6,000, 4 ఓమ్స్ దగ్గర 250 ఆర్‌ఎంఎస్, ఫ్యూజు 30 ఆంపియర్లు (లెక్క కట్టాకే కొన్నా). రాగి వైర్ కిట్ 2,200, ఫిట్టింగ్ 1,200. మొత్తం 15,400. ఫ్యూజు బ్యాటరీ పక్కన పెట్టమంటే ఫిట్టర్ నా వంక అదోలా చూశాడు, పెట్టాడు. రబ్బరు బుష్ నేనే కొని తీసుకెళ్లాను. గెయిన్ 30 వోల్టుల దగ్గర ఆపాం.

నిన్న బాగేపల్లి దాకా విన్నాను, డప్పు డప్పులాగే ఉంది. ఒకటే సమస్య: సౌండ్ పెంచితే వెనక నుంచి గరగరమని ఏదో మోత. సబ్ చిరిగిందా?

సోల్డరింగ్ వాసన:
ముందు నంబర్ ప్లేట్ వేలితో నొక్కి పట్టుకుని చూడు, ఆగితే వెనక ఫోమ్ టేపు అంటించు. ఆగకపోతే స్టెప్నీ దగ్గర జాకీ, స్పానర్లు చూడు.

మారతహళ్లి స్విఫ్ట్:
జాకీయే అన్నా. పాత టవల్‌లో చుట్టి పెట్టాను, నోరు మూసుకుంది. ఆవకాయ జాడీ కూడా డిక్కీలోనే పట్టింది.