నీళ్లలో మునిగి ముక్కు మీద బుడగ పెట్టుకునే బల్లి: నిజంగా ఊపిరి తీసుకుంటుందా?

చెలమ:
వాటర్ అనోల్ వీడియో చూసినప్పట్నుంచి ఒక డౌటు వదలడం లేదు. కోస్టారికా, పనామా అడవుల్లో వాగుల పక్కన రాళ్ల మీద తిరిగే చిన్న బల్లి ఇది. ఏదైనా దగ్గరికొస్తే నీళ్లలోకి దూకి, అడుగున రాయిని పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. కాసేపటికి ముక్కు పైన గాలి బుడగ ఉబ్బుతుంది, లోపలికి పోతుంది, మళ్లీ ఉబ్బుతుంది... ఇలా నిమిషాల తరబడి. దీనికి మొప్పల్లాంటివి ఏమైనా ఉన్నాయా? లేక ఊపిరి బిగబట్టినప్పుడు ఊరికే తప్పించుకుంటున్న గాలేనా అది?

రాతిపొర:
మొప్పలు లేవండి, మిగతా బల్లుల్లాగే ఊపిరితిత్తులే. వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. కిటుకంతా చర్మంలో ఉంది. దాని చర్మానికి నీళ్లు అంటవు, అందుకే మునిగినప్పుడు ఒంటిని అంటుకుని పల్చటి గాలిపొర నిలిచిపోతుంది, వీడియోలో ఒళ్లంతా వెండిపూత పూసినట్టు మెరిసేది అదే. వదిలిన గాలి ఆ పొరను అంటిపెట్టుకుని బుడగలా ఉబ్బుతుందే తప్ప తెగిపోయి పైకి తేలిపోదు, కాబట్టి మళ్లీ లోపలికి లాక్కోగలుగుతుంది.

జీవశాస్త్ర పరిశోధకుడు క్రిస్ బోచ్చా బృందం 2021లో దీని మీద పేపర్ వేసింది. నీటి పక్కన బతికే అనోల్ జాతులు చాలావాటిని చూశారు, ఒకదానికొకటి దగ్గరి చుట్టరికం లేనివాటిలో కూడా ఇదే పద్ధతి కనిపించింది. అంటే వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టుకొచ్చిందన్నమాట! బుడగలో ఆక్సిజన్ కొలిస్తే సమయం గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. ఈ వాటర్ అనోల్ అయితే 18 నిమిషాల దాకా నీళ్లలో ఉన్నట్టు రికార్డయింది.

చెలమ:
ఆక్సిజన్ తగ్గడం సరే. కానీ బుడగ లేకపోయినా అంతసేపూ ఉండేదేమో కదా? ఊపిరితిత్తుల్లో ఉన్న గాలే సరిపోతుందేమో, బుడగ పక్కన ఊరికే జరిగే తంతేమో.

నీలిమడుగు:
మంచి ప్రశ్న, సరిగ్గా అదే తేల్చడానికి అమెరికాలోని బింగమ్‌టన్ యూనివర్సిటీకి చెందిన లిండ్సే స్వియర్క్ ఒక పరీక్ష చేశారు, 2024లో వచ్చింది. కొన్ని బల్లులకు బుడగ నిలిచే చోట చర్మాన్ని మెత్తబరిచే లేపనం రాశారు. నీళ్లను తోసేసే గుణం పోయేసరికి వాటికి బుడగ కట్టలేదు. మిగతావి మామూలుగా బుడగ కట్టి 32 శాతం ఎక్కువసేపు నీళ్లలో ఉన్నాయి. అంటే బుడగ వట్టి తంతు కాదు, సమయాన్ని నిజంగానే పెంచుతోంది. ఇంత సింపుల్ పరీక్షతో ఇంత పెద్ద సంగతి తేల్చడం నాకైతే భలే నచ్చింది.

రాతిపొర:
అవును, నేనూ చెప్పాల్సింది ఇదే. ఇంకొకటి, అది సరదాగా దూకదు. పక్షులూ పాములూ దాన్ని తినేస్తాయి, పైన కాచుకుని ఉన్నది విసుగొచ్చి వెళ్లిపోయేదాకా కింద ఉండగలిగితేనే బతుకుతుంది, అక్కడ ఒక్కో నిమిషం కూడా లెక్కే. బయటి వేడి మీద ఆధారపడే జీవి కాబట్టి చల్లటి వాగు నీళ్లలో ఎక్కువసేపుంటే ఒళ్లు చల్లబడి చురుకు తగ్గుతుంది. అందుకే వీడియో కోసం పదే పదే బెదరగొట్టి నీళ్లలోకి తోలేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెలమ:
ఆ లేపనం పరీక్షతో నా డౌటు తీరిపోయింది. ఇద్దరికీ థాంక్స్ అండీ.