ఎంపీసీ డిగ్రీ చేసి ఎంసీఏకి వచ్చా, సీ లాంగ్వేజ్ పాయింటర్ల దగ్గర ఆగిపోయా

అన్నలూ అక్కలూ, మాది కావలి, బీఎస్సీ ఎంపీసీ అయ్యాక ఐసెట్ రాసి నెల్లూరులో ఎంసీఏలో చేరా, ఇప్పుడు ఫస్ట్ సెమ్. 2020 నుంచి కోర్సు రెండేళ్లే కాబట్టి అంతా పరుగే. డిగ్రీలో కంప్యూటర్స్ లేని మాలాంటోళ్లకి బ్రిడ్జి కోర్సు పెట్టారు గానీ అర్రేల దాకా చెప్పి ఆపేశారు, డేటా స్ట్రక్చర్స్ క్లాసేమో ఏకంగా లింక్డ్ లిస్ట్‌తో (ఒక్కో నోడ్‌లో డేటాతో పాటు తర్వాతి నోడ్ అడ్రస్ ఉండే గొలుసు) మొదలైంది.

బోర్డు మీద కోడ్ చూస్తే అర్థమవుద్ది, ఖాళీ స్క్రీన్ మీద నేనే రాయాలంటే రావట్లా. డిలీట్ ఫంక్షన్‌లో మధ్య నోడ్ తీస్తే బానే ఉంది, మొదటి నోడ్ తీసి ప్రింట్ చేస్తేనే చెత్త నంబర్లు, ఒక్కోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామే ఆగిపోద్ది. హెడ్‌ని (మొదటి నోడ్ అడ్రస్ దాచుకునే పాయింటర్) మామూలుగా పంపితే ఫంక్షన్ లోపల మారేది దాని కాపీయేనని, డబుల్ పాయింటర్ (పాయింటర్ అడ్రస్‌ని దాచుకునే పాయింటర్) వాడమని ఒక సీనియర్ చెప్పాడు, రెండు స్టార్లు పెడితే పనిచేసింది కూడా, కానీ వైవాలో ఎందుకని అడిగితే నోరు పెగలదు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ల పాఠాల వీడియోలు చూశా, నోట్‌బుక్‌లో డబ్బాలు గీసి అడ్రస్‌లు వేసి ట్రేస్ చేశా, అయినా అంతే. అదే లిస్ట్ పైథాన్‌లో రాస్తే తేలిగ్గా వచ్చేసింది (మరి పరీక్ష పైథాన్‌లో పెట్టరు కదా). ల్యాబ్ పరీక్ష సీలోనే, జనవరిలో.

వేరే డిగ్రీల నుంచి ఎంసీఏకి వచ్చినోళ్లు చెప్పండి, డేటా స్ట్రక్చర్స్ ముందు పైథాన్‌లో చేసుకుని తర్వాత సీలోకి మార్చుకోవాలా, లేక అన్నీ పక్కనబెట్టి ముందు పాయింటర్లే గట్టి చేసుకోవాలా?