పడవ ట్రైలర్ మీద ఆనుడు చెక్కలు మార్చాలి, మెత్తకి ఏం వెయ్యమంటారు?

లంకపడవ (రాజోలు వైపు)

నమస్కారం అండి. మాది వశిష్ఠ గోదావరి ఒడ్డు. 18 అడుగుల ఫైబర్ పడవ ఉందండి, వెనక 9.9 హార్స్‌పవర్ ఇంజను. ఏటి అవతల లంకలో మా కొబ్బరితోట. కాయలు, ఎరువు బస్తాలు, కూలీలు అన్నీ దీని మీదే. పని లేని రోజుల్లో ట్రాక్టరుకి ట్రైలర్ తగిలించి ఇంటికి తెచ్చేసుకుంటాను.

ట్రైలర్ మీద పడవ అడుగు ఆనడానికి అటొకటి ఇటొకటి పొడుగాటి చెక్కలుంటాయి కదండీ, మెత్త చుట్టినవి. వాటి గురించే. మొన్న జాకీ పెట్టి కొంచెం లేపి చూస్తే గుండె జారిపోయింది. ఎడం చెక్క మీద మెత్త అరచెయ్యంత మేర చిరిగి, బోల్టు తల పైకొచ్చేసింది. అది పడవ అడుగున జెల్‌కోటుని, అంటే పైనుండే నున్నటి పూతని, గీరీ గీరీ లోపల మ్యాట్ (ఫైబర్ గుడ్డ) పోగులు బయటపడ్డాయి. వేలు పెడితే గుచ్చుకుంటున్నాయి. కుడి చెక్కని స్క్రూడ్రైవరుతో పొడిస్తే, పాలలో నానిన రస్కులోకి దిగినట్టు రెండంగుళాలు దిగిపోయింది.

నేను ఇంతవరకు వేసినవి చెప్తాను. మొదట గోనెసంచులు నాలుగు మడతలు వేశాను, ఒక్క వర్షాకాలానికే కుళ్ళిపోయాయి. తర్వాత పాత టైరు కోసి కొట్టాను. పడవకి నల్లటి చారలు పడ్డాయి, పైగా రబ్బరు పట్టేసుకుని పడవ జారదు, ఏటిలోకి దించాలంటే ఆరుగురు తొయ్యాలి. ఆఖరికి కొబ్బరిపీచు పట్టా చుట్టాను. మన దగ్గర దొరికేదే కదా, నీళ్ళకి తట్టుకుంటుంది కదా అని. పీచు కుళ్ళలేదండి, కానీ ఇసుక అంతా అందులోనే దాక్కుంది. పడవ ఎక్కించినప్పుడల్లా గరుకు కాయితం పెట్టి రుద్దినట్టే అయ్యింది.

ఏ చెక్క, ఏ గుడ్డ వెయ్యాలో, క్రేన్ లేకుండా ఎలా మార్చాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. జూన్ దాటకుండా అయిపోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద మూడో హెచ్చరిక దాటినప్పుడు లంకలో ముసలివాళ్ళని, పాలడబ్బాల్ని ఈ పడవే చేరవేసింది. మా కాజ్‌వే మునగడానికి మొదటి హెచ్చరిక 11.75 అడుగులు కూడా రానక్కర్లేదు. వరదొచ్చిన రోజున పడవ ట్రైలర్ మీద ఇరుక్కుపోయి ఉంటే నా మొహం నేను చూసుకోలేను.

తాళ్లరేవు చెక్కపని

బాబూ, గుడ్డ సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పు. పడవ వెనక పలక, అంటే ఇంజను తగిలించే పలక, సరిగ్గా దాని కింద దాకా చెక్క వచ్చిందా? టేపు పెట్టి కొలిచి రాయి.

చెక్క టేకైతే మంచిది, మద్దయినా పరవాలేదు. 4×2 అంగుళాల సైజు, వెడల్పు వైపు పైకి. బోల్టు తల పట్టేలా అర అంగుళం లోతు గుంట తీసి, తలని లోపలికి దించెయ్యాలి. నీ ఎడం చెక్కకి ఆ గుంట తీసి ఉండరు. నట్లు, వాషర్లు స్టెయిన్‌లెస్ లేదా వేడి గాల్వనైజింగ్ చేసినవి వాడు. ఎండాకాలం వశిష్ఠలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది, మామూలు ఇనుము తుప్పు పట్టి చెక్కని కూడా తినేస్తుంది.

లంకపడవ (రాజోలు వైపు)

కొలిచానండి. వెనక పలకకి తొమ్మిది అంగుళాల ముందే చెక్క ఆగిపోయింది! ఈ ట్రైలర్ నా పాత 16 అడుగుల పడవకి వెల్డింగ్ చేయించింది. పడవ మార్చాను గానీ ట్రైలర్ మార్చలేదు.

తాళ్లరేవు చెక్కపని

అదే నీ రోగం. నలభై కిలోల ఇంజను గాలిలో వేలాడుతోంది. ట్రాక్టరు గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆ బరువంతా చెక్క చివర మీద ఊగుతుంది. గుడ్డ అక్కడే చిరగడానికి కారణం అదే. మెత్త ఎంత మందం వేసినా బరువు సరైన చోట ఆనకపోతే లాభం లేదు. అలాగే వదిలేస్తే పడవ అడుగు ఆ చివర దగ్గర వంపు తిరిగిపోతుంది, తర్వాత నీళ్ళలో సరిగ్గా పోదు. రూపాయి బిళ్ళతో అడుగంతా కొట్టి చూడు. ఖంగుమంటే గట్టి, బొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయినట్టు.

చెక్క పొడుగు పెంచు, వెనక ఒక అడ్డ ఛానల్ (ఇనుప కమ్మీ) కొత్తగా వేయించు. చెక్కలు పడవ లోపల పొడుగునా పోయే దిమ్మెల కింద పడేలా చూసుకో, రెండు దిమ్మెల మధ్య ఖాళీ అడుగు మీద పడితే మళ్ళీ కథ మొదటికే. బ్రాకెట్ నట్లు ముందే బిగించెయ్యకు. పడవ ఎక్కాక చెక్క దాని వాలుకి తానే తిరిగి కూర్చుంటుంది, అప్పుడు బిగించు.

యానాం ఫైబర్ బోట్లు

గుడ్డకి: పెళ్లి పందిట్లో పరిచే పల్చటి ఎర్ర కార్పెట్ వద్దండి, ఒక్క సీజనే. అడుగున స్పాంజి గానీ జనపనార గానీ లేని పాలీప్రొపిలిన్ కార్పెట్ అడగండి. నీరు పీల్చదు, తొందరగా ఆరుతుంది. 4×2 చుట్టూ 12 అంగుళాలు, కాబట్టి 14 అంగుళాల వెడల్పు పట్టీ కోస్తే కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. స్టేపులు స్టెయిన్‌లెస్సే, అవీ పక్కల్లో, అడుగున మాత్రమే. పైన ఒక్కటి కూడా పడకూడదు.

హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టీలు వేసేవాళ్ళున్నారు. జారుడు చాలా ఎక్కువ. పడవని ట్రైలర్ మీదికి లాగి పట్టి ఉంచే వించ్ పట్టీ ముందే విప్పేస్తే పడవ గట్టు మీదే దిగిపోతుంది.

మార్చడానికి క్రేన్ అక్కర్లేదు. పొద్దున పోటుకి పడవని ఏట్లోకి దించి కట్టెయ్యండి, ఖాళీ ట్రైలర్ ఇంటికి తెచ్చుకుని పని చేసుకోండి. పొద్దున పోటు అయిన సుమారు పన్నెండున్నర గంటల తర్వాత రెండో పోటు వస్తుంది. అప్పటికి కాకపోతే మర్నాడు, రోజుకి రెండు ఘడియలు, అంటే ముప్పావుగంట పైచిలుకు, ఆలస్యం లెక్కేసుకోండి. అమావాస్య, పున్నమి దగ్గర అయితే నీరు బాగా ఎక్కుతుంది, అష్టమికి పెట్టుకోకండి. ముందు ఆ గీతకి రెసిన్ పని చేయించండి. పోగులు బయటున్న పడవని నీళ్ళలో ఉంచితే తడి లోపలికి పాకుతుంది. వారం రోజులు నీడన ఆరబెట్టి, చుట్టూ గీకి, అసిటోన్‌తో తుడిచి, తర్వాతే మ్యాట్ వెయ్యాలి.

సఖినేటిపల్లి రైతు

అన్నయ్యా, మోరి ఊళ్ళో జీడిపిక్కల నూనె దొరుకుతుంది, చెక్కకి అది పట్టించు. మా నాన్న నావకి అదే పూసేవారు, చెద పురుగు దగ్గరికి రాదు. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, చర్మం బొబ్బలెక్కిపోతుంది. ఆరడానికి రోజులు పడుతుంది, జిగురుతో కార్పెట్ అంటదు. ఉత్తి స్టేపులతోనే కొట్టాలి. కోసిన కొసలకి, బోల్టు కన్నాల లోపలికి రెండుసార్లు పట్టించు, నీరు తాగేది అక్కడే.

లంకపడవ (రాజోలు వైపు)

అందరికీ దండాలండి. ఎలా జరిగిందో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పటి టేకు దూలం పాకలో ఉండిపోయింది. సామిల్లుకి తీసుకెళ్తే ముందు మేకులు పీకుకు రమ్మన్నారు. పదకొండు మేకులు. కోస్తుంటే లోపల ఇంకా నూనె వాసన, పసుపు రంగు. ఆ ఇంటి కప్పు మోసిన చెక్క ఇప్పుడు పడవని మోస్తోందంటే నాకు చాలా సంతోషంగా ఉందండి.

వెల్డింగ్ దగ్గరే ఆలస్యం అయ్యింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదండీ, పడవల మరమ్మతులన్నీ ఇప్పుడే పెట్టుకుంటారు. తొమ్మిది రోజులు తిరిగితే గానీ ఛానల్ పడలేదు. ఈలోగా చెక్కలకి జీడినూనె ఆరింది, పడవకి రెసిన్ పని అయ్యింది. బిళ్ళతో కొట్టి చూశాను, అంతటా ఖంగుమంది.

పున్నమి మర్నాడు పొద్దున దించాను. మధ్యాహ్నానికల్లా రెండు చెక్కలూ బిగిసిపోయాయి. రాత్రి పోటుకి పడవ ఎక్కించి, టార్చి వేసి వెనక్కి వెళ్ళి చూశాను. వెనక పలక కింద చెక్క అంగుళంన్నర బయటికి కనిపిస్తోంది. ఆ ఇరుకులో చెయ్యి పెడదామంటే కాయితం కూడా దూరలేదు.

యానాం ఫైబర్ బోట్లు

శుభం అండి. ట్రైలర్ ఏట్లో దిగింది కాబట్టి చక్రాల బేరింగులకి గ్రీజు కొట్టించెయ్యండి. ఇకనుంచి గట్టుకి చేరాక చక్రం మధ్య భాగం చేత్తో ముట్టుకుని చూసి, చల్లారాకే నీళ్ళలోకి దించండి. వేడి మీద దింపితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందుల్లోంచి ఉప్పునీరు లాగేసుకుంటుంది.

లంకపడవ (రాజోలు వైపు)

ఆయ్, రేపే కొట్టిస్తానండి. ఒక పక్క చక్రం కొంచెం కూస్తోంది కూడా.