ధారాళంగా చదువుతారు, అర్థం అడిగితే చెప్పలేరు: పదాలు ఎలా నేర్పాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, గజపతి జిల్లా):
పర్లాకిమిడికి దగ్గరి పల్లెలో నాలుగు, ఐదు తరగతులకు తెలుగు చెబుతున్నాను. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడినా మిగతా పాఠాలన్నీ ఒడియాలో చదువుతారు. కొందరు సవర ఇళ్ల నుంచి వస్తారు. తడబడకుండా చదివేవారు కూడా, పేరాలో ఏం జరిగిందని అడిగితే పుస్తకంలోని వాక్యాన్నే అప్పజెబుతున్నారు. పాఠం మొదట్లోనే ఇరవై పదాలకు అర్థాలు బోర్డు మీద రాసి ఎక్కించడం మా బడిలో ఆనవాయితీ. పరీక్ష దాటితే ఒక్కటీ గుర్తుండదు. దీనికి బదులు ఒక్క పీరియడులో సాధ్యమయ్యే పద్ధతి ఏదైనా చెప్పగలరా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం):
అమ్మా, ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. అర్థం చెప్పలేకపోయిన పేరానే మీరు నెమ్మదిగా చదివి వినిపించి, అవే ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చెప్పగలిగితే భాష ఉన్నట్టే, ఒత్తులూ సంయుక్తాక్షరాలూ కూడబలుక్కోవడంలోనే పిల్లవాడి శ్రద్ధంతా ఖర్చవుతోందన్నమాట. విన్నా చెప్పలేకపోతే కొరవడినవి పదాలు, విషయ పరిజ్ఞానం. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని గుణకారంగా చెప్పారు: అక్షరాలను పలకగలగడం ఒకటి, విన్న భాషను గ్రహించడం మరొకటి, ఏ ఒక్కటి సున్నా అయినా చదివి అర్థం చేసుకోవడం సున్నాయే. మీరు రాసినదాన్ని బట్టి మీ పిల్లలకు రెండోదే తక్కువ.

అర్థాల జాబితా మానేయమనే నేను చెబుతాను. పాఠానికి నాలుగైదు పదాలు చాలు, కానీ ఏవన్నది ముఖ్యం. ఇసబెల్ బెక్ అనే పరిశోధకురాలి బృందం పదాలను మూడు అంచెలుగా చూసింది. ఇంట్లో వచ్చేసే మాటలను నేర్పనక్కరలేదు, 'కిరణజన్య సంయోగక్రియ' వంటివి ఆ పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఏ పాఠంలోనైనా ఎదురవుతూ ఇంటి మాటల్లో అంతగా వినబడని 'సంకోచించు', 'నిరాకరించు' వంటి మధ్య అంచె మాటల మీదే సమయం పెట్టాలి.

'సంకోచించు' తీసుకోండి. కథలో 'ఏరు దాటడానికి సంకోచించాడు' అన్న చోట ఆగి, 'చేయాలా వద్దా అని వెనకాముందూ ఆడటం' అని పిల్లల మాటల్లోనే చెప్పండి. నిఘంటువులోని పర్యాయపదం చెబితే ఒక తెలియని మాట స్థానంలో ఇంకో తెలియని మాట వస్తుంది. వెంటనే అడగండి: బాగా ఆకలేసినవాడు అన్నం ముందు సంకోచిస్తాడా? చుట్టాలింట్లో రెండోసారి కూర అడగడానికి మీరు సంకోచిస్తారా? ఎందుకు? ఆ 'ఎందుకు'కు జవాబు చెప్పేటప్పుడు పిల్లవాడు ఆ మాటను తానే వాడతాడు. మర్నాడు, వారం తర్వాత, వేరే పాఠంలో మళ్లీ తగిలించండి. ఒక్కసారి విన్న మాట నిలవదు.

జవాబు (ఉపాధ్యాయుడు, సిరొంచ):
మాస్టారు చెప్పినది బాగానే ఉంది గానీ, గడ్చిరోలి జిల్లాలో మా వంటి బడుల్లో ఒక్కరమే నాలుగు తరగతులు చూస్తాం. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను రోజూ కాసేపు కథ చదివి వినిపించి, పుస్తకాలు చేతికిస్తాను. చదవగా చదవగా మాటలు వాటంతట అవే వస్తాయని నా నమ్మకం. ప్రత్యేకంగా నేర్పడానికి అంత సమయం ఎందుకు?

జవాబు (ఉపాధ్యాయిని, రాయగడ):
చదివి వినిపించడం తప్పకుండా చేయవలసిందే, అయితే అదొక్కటే చాలదు. ఎక్కువ మాటలు వచ్చిన పిల్లవాడు ఎక్కువ చదువుతాడు, చదివినకొద్దీ ఇంకా నేర్చుకుంటాడు. రానివాడు పుస్తకం మూసేస్తాడు. ఏటికేడాది పెరిగే ఈ ఎడాన్ని కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లోనే వివరించారు. మీ పద్ధతిలో ముందున్నవారే లాభపడతారేమో చూసుకోండి.

ప్రశ్న అడిగిన మేడమ్‌కు ఒక మాట. ఒడియా మాధ్యమంలో చదివే పిల్లలకు సంస్కృత పదాలు సాయమూ చేస్తాయి, మోసమూ చేస్తాయి. 'ఉపన్యాసం' అంటే వారికి ముందు నవల తోస్తుంది, 'అవసరం' అంటే తీరిక, 'చేష్ట' అంటే ప్రయత్నం. అటువంటి పదం పాఠంలో వస్తే, ఒడియాలో ఏమంటారో ముందు వారి చేతనే చెప్పించి, తేడాను గోడ మీది చార్టులో రాయించండి. ఈ పని మా తరగతిలో పిల్లలే పోటీపడి చేస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇంట్లో తెలుగు లేని సవర పిల్లల సంగతి ఏం చేయాలి?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం):
ఆ పిల్లల కోసమే మీ పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు తయారుచేశారు. అంత పని మనం చేయలేకపోయినా, విన్న కథను ముందు వారి భాషలోనే ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. తెలుగు కొంత వచ్చిన సవర పిల్ల ఎవరైనా ఉంటే, ఆ చెప్పినదాన్ని మీకు అందిస్తుంది. సంఘటనల వరుస తప్పకపోతే కథ అందినట్టే. వారికి నాలుగు పదాలకు బదులు రెండే పెట్టుకుని, బొమ్మతోనో అభినయంతోనో మొదలుపెట్టండి.