పొగగొట్టం లెక్కతో ఊరి గాలి తేలుతుందా?

ముత్తుకూరు వాసి:
కృష్ణపట్నం రేవు, బొగ్గు విద్యుత్ కేంద్రాల చుట్టూ కొత్త పరిశ్రమ వస్తోందంటే ప్రజాభిప్రాయ సేకరణలో ఒకటే మాట వినిపిస్తుంది. గొట్టం నుంచి వచ్చే ధూళిని లెక్కగట్టి కంప్యూటర్‌లో వేశాం, మీ ఊరికి చేరేది స్వల్పమే అంటారు. మేడ మీద ఆరేసిన బట్టలు దులిపితే మసి రాలుతోంది. ఈ కంప్యూటర్ నమూనాలు (మోడళ్లు) మాకు వద్దు. ఊరూరా గాలిని కొలిచే యంత్రాలు పెట్టండి చాలు.

నెల్లూరు ఇంజనీరు:
నమూనా వద్దనడం మనకే నష్టమండీ. గాలిలో ఎంత ధూళి ఉందో యంత్రం చెబుతుంది, అది ఎవరిదో చెప్పదు. మన తీరంలో సముద్రపు ఉప్పు రేణువులు కూడా అందులోనే కలుస్తాయి. ఎవరి వాటా ఎంతో తేలాలంటే ఉద్గారాల లెక్క, అంటే ఎవరు ఎంత పొగ, దుమ్ము వదులుతున్నారన్న లెక్క ఉండాల్సిందే.

అసలు గొడవంతా ఆ లెక్కలో ఏం వేశారన్న దగ్గరే. 2015 నిబంధనల ప్రకారం, 2004 నుంచి 2016 వరకు కట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రాలకు ధూళి పరిమితి ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. అలాంటి కేంద్రంలో ఒక పెద్ద యూనిట్ గంటకు 25 లక్షల ఘనపు మీటర్ల పొగ వదులుతుందనుకోండి. పరిమితి దాటకపోయినా గంటకు 125 కిలోలు, రోజుకు 3 టన్నులు. 275 మీటర్ల ఎత్తున వదిలితే అది దూరాలకు చెదిరిపోతుంది కాబట్టి దగ్గరి ఊళ్లకు నమూనా తక్కువే చూపిస్తుంది. అందులో అబద్ధం లేదు. మీ బట్టల మీది మసి బొగ్గు దించే చోటు నుంచో, కాలిన బొగ్గు బూడిదను నింపే చెరువు ఎండితే అక్కడి నుంచో, పట్టా సరిగా కప్పని లారీల నుంచో వచ్చి ఉండవచ్చు. వీటికి గొట్టం లేదు, మీటరూ లేదు. ఏదో ఒక సగటు అంకె వేసి సరిపెడితే ఊరి వాటా అక్కడే మాయమవుతుంది.

సల్ఫర్ డయాక్సైడ్ సంగతి ఇంకా ముఖ్యం. గొట్టం దగ్గర అది వాయువు కాబట్టి ధూళి పద్దులో పడదు. గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేట్ రేణువులుగా మారి పీఎం 2.5లో, అంటే ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్న ధూళిలో చేరుతుంది. ఆ వాయువును తొలగించే యంత్రాల విషయంలో 2025 జూలైలో కేంద్రం చాలా బొగ్గు కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. ఇక వాయువు ధూళిగా మారే సంగతిని లెక్కలో చూపకపోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

తీరం సంగతీ ఉంది. పగలు సముద్రపు గాలి లోపలికి వచ్చి, వేడెక్కిన నేల మీద సుడులు తిరుగుతూ, ఎత్తున పోతున్న పొగను కిందికి లాగుతుంది. ఇక్కడ ఎక్కువగా వాడే ఏర్‌మాడ్ అనే కంప్యూటర్ నమూనా దీన్ని పట్టుకోదు. కాల్‌పఫ్ అనే మరో నమూనాలో ఆ ఏర్పాటు ఉంది.

చీమకుర్తి నుంచి:
మా దగ్గర గొట్టమే లేదు కదా ఇంజనీరు గారూ. గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్, రాతి కోత, ఆపైన రాళ్ల లారీలు. లారీ లేపే దుమ్ము రోడ్డు మీది సన్నమట్టిని బట్టి, బండి బరువును బట్టి, నీళ్లు చల్లారా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. రోజూ చల్లుతారన్న హామీని నమ్మి లెక్క వేస్తే ఆ లెక్క మా ఊరిది కాదు. నగరాల గాలిని బాగు చేయడానికి కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నెల్లూరు, ఒంగోలు నగరాలున్నాయి. దుమ్ము లేచేది వాటి బయట. ముందు యంత్రం పెట్టండి, తర్వాత నమూనా మాట్లాడదాం.

ముత్తుకూరు వాసి:
ఒక్కటి అడుగుతాను. నమూనా తక్కువ చూపి యంత్రం ఎక్కువ చూపితే ఎవరి మాట చెల్లుతుంది? పైగా కొత్త పరిశ్రమ అనుమతికి ఇచ్చే పర్యావరణ నివేదికకు గాలిని కొలిచేది ఒక్క సీజన్‌లోనే. గాలి దిక్కు ఏడాదంతా ఒకేలా ఉంటుందా?

నెల్లూరు ఇంజనీరు:
యంత్రం మాటే చెల్లాలి. అప్పుడు నమూనాను సరిదిద్దాలి గానీ పారేయకూడదు. మీరు అడగవలసింది గంట గంట లెక్కలు. 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలు గొట్టాలకు నిరంతర మీటర్లు పెట్టాలని 2014లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఆ అంకెలను, అదే గంట గాలి దిక్కును, ఊరి యంత్రం రీడింగును పక్కపక్కన పెట్టండి. బొగ్గు యార్డు వైపు నుంచి గాలి వీచిన గంటల్లోనే ధూళి పెరిగితే, గొట్టం మీటరు మామూలుగానే ఉంటే, లెక్కలో లేని వాటా బయటపడుతుంది.

ఈలోగా మేడ మీది మసిని కాగితంలో పొట్లం కట్టి బడిలోని మైక్రోస్కోపు కింద చూడండి. బూడిద రేణువులు ఎక్కువగా గాజు పూసల్లా గుండ్రంగా ఉంటాయి. బొగ్గు పొడి నల్లగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.